రెండు సంతకాల మధ్య ఆరు నెలలు: బెంగళూరులో పరస్పర అంగీకార విడాకులు, నా అనుభవం

పరస్పర అంగీకారంతో విడాకులంటే ఇద్దరూ వెళ్లి సంతకం పెట్టి వచ్చేయడమే అనుకుంటారు చాలామంది. సంతకాలు రెండుసార్లు పెట్టాలి, పిటిషన్ వేసేటప్పుడు ఒకసారి, చివర్లో కోర్టు ముందు ఇంకోసారి. మధ్యలో మామూలుగా కనీసం ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్లో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. డిక్రీ, అంటే విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, వచ్చేదాకా అంగీకారం వెనక్కి తీసుకునే హక్కు ఇద్దరికీ ఉంటుందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అంటే పొద్దున లేచినప్పటి నుంచి "ఖాయమేనా?" అనే ప్రశ్న మన పక్కనే కూర్చుని ఉంటుంది. తన నిర్ణయం మీద తనకే గురి కుదరని మనిషికి కోర్టు పనికన్నా ఇదే కష్టం. నేను 2024 నవంబరులో పిటిషన్ వేశాను, 2025 జూన్‌లో డిక్రీ వచ్చింది. ఈ మధ్యకాలంలో ఏమేం జరుగుతుందో, డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో, మనసు ఎక్కడ జారుతుందో వరుసగా రాస్తున్నాను. ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మా పెళ్లి అనంతపురంలో జరిగింది. కేసు అక్కడే వేయాలేమోనని ముందు భయపడ్డాను. అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోటే కాదు, భార్యాభర్తలు చివరిగా కలిసి ఉన్న చోట కూడా వేయొచ్చు. మేం చివరిగా కాపురం ఉన్నది బెంగళూరులో కాబట్టి ఇక్కడి ఫ్యామిలీ కోర్టుకే వచ్చాం. అది లాల్‌బాగ్ దగ్గర్లో, హెచ్.సిద్దయ్య రోడ్డులో, న్యాయదేగుల అనే భవనంలో ఉంది. పరస్పర అంగీకార విడాకులకు సంబంధించిన 13బి సెక్షన్ కింద వేయాలంటే అప్పటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. మేం 2023 సెప్టెంబరు నుంచి విడిగా ఉన్నాం. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పెళ్లి ఫొటో, శుభలేఖ, ఇద్దరి ఆధార్‌లు, విడిగా ఉంటున్నట్టు చూపే అద్దె అగ్రిమెంటు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు: ఇవన్నీ ముందే ఒక ఫైల్లో పెట్టుకుంటే లాయరు దగ్గర సగం పని అయిపోతుంది.

లాయరుకు ఇద్దరి తరఫునా కలిపి 45,000 ఇచ్చాం, చెరిసగం. ఆ స్తోమత లేని ఆడవాళ్లు ఆగిపోనక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చదువుకుంటే తెలిసింది.

ఆరు నెలలు ఆగకుండా చేయొచ్చా అని అందరూ అడిగేదే నేనూ అడిగాను. సుప్రీంకోర్టు 2017 తీర్పుతో ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చు, కానీ షరతులున్నాయి. విడిగా ఉండటం మొదలై ఏడాదిన్నర దాటి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, డబ్బు, పిల్లలు వంటి విషయాలు నిజంగా తేలిపోయి ఉండాలి. మాకు పద్నాలుగు నెలలే అయింది. కాబట్టి ఆగాం. ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది: ఆ ఆరు నెలలను పిటిషన్ దాఖలైన తేదీ నుంచి లెక్కపెడతారు. మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి, పోయిన వారాలన్నీ అందులోనే కలుస్తాయి. పిటిషన్‌కు ఎం.సి. నంబరు (కోర్టు ఇచ్చే కేసు నంబరు) రాగానే, కేసును ఆన్‌లైన్‌లో వెతకడానికి పనికొచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కూడా అడిగి రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి తేదీ మనకే కనిపిస్తుంది. ప్రతిదానికీ లాయరుకు ఫోన్ చేసి, ఎత్తకపోతే కుమిలిపోయే బాధ తప్పుతుంది.

మీడియేషన్ అదే భవనంలోని బెంగళూరు మీడియేషన్ సెంటర్‌లో జరిగింది. ఫీజు లేదు. అక్కడ మాట్లాడినవి బయటికి పోవు. ముందు కలిసి ఉండే దారి ఉందేమో అడుగుతారు, విడివిడిగా కూర్చోబెట్టి కూడా అడుగుతారు. ఆ తర్వాత షరతులు రాస్తారు. బంగారం గురించి "నగలన్నీ తిరిగి ఇవ్వడమైనది" అని ఒక్క ముక్కలో రాయించుకోవద్దు. గాజులు ఎన్ని, గొలుసు ఎన్ని గ్రాములు, ఎవరి చేతిలో ఉన్నాయి, ఏ తేదీకి ఇస్తారు, అన్నీ రాయించాలి. మా విషయంలో అంతకన్నా ముఖ్యమైనది అప్పు. ఒక పర్సనల్ లోన్‌లో నా పేరు కూడా ఉంది. విడాకుల కాగితంలో "ఈ అప్పు ఆయనే కడతారు" అని రాసుకుంటే మన పీడ పోయిందనుకుంటాం. బ్యాంకుకు ఆ కాగితంతో పనిలేదు. లోన్ మూసేదాకా, లేదా బ్యాంకే మన పేరు తీసేదాకా మనమూ బాధ్యులమే. అందుకని రెండో సంతకానికి ముందే లోన్ మూసి, బాకీ లేదన్న లెటర్ చూపాలని షరతు పెట్టించాను. ఏప్రిల్‌లో ఆయన కట్టేశారు, లెటర్ ఇచ్చారు. నా పేరు మీద ఇంకేమైనా అప్పులు ఉన్నాయేమోనని క్రెడిట్ రిపోర్టు తీసుకున్నాను, మన పేరు మీద ఉన్న అప్పులన్నీ అందులో కనిపిస్తాయి. ఈ రిపోర్టులు తయారుచేసే ఒక్కో సంస్థా (క్రెడిట్ బ్యూరో) ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

ఆ రిపోర్టు తెరవడానికి నాకు వారం పట్టింది. మా ఇంట్లో గొడవంతా అప్పుల గురించే. స్టేట్‌మెంట్‌లో కనబడిన ఈఎంఐ గురించి అడిగితే "నువ్వు ఊరికే అనుమానిస్తావు" అనే జవాబు వచ్చేది. నేను చేసేది అకౌంట్స్ పని. ఆఫీసులో వంద రూపాయలు తేడా వస్తే రాత్రిదాకా కూర్చునైనా పట్టుకుంటాను. ఇంట్లో మాత్రం అవే కళ్లతో చూసిన అంకె మీద నమ్మకం పోయింది. "నీకే తప్పుగా కనిపిస్తోంది" అనే మాట ఏళ్ల తరబడి వింటే అలాగే అవుతుంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా పక్కవాళ్లను అడగాలనిపిస్తుంది. విడిపోయాక మనిషి దూరమవుతాడు, ఆ అలవాటు మాత్రం మనతోనే వస్తుంది. దాన్ని విడిగా సరిచేసుకోవాలి.

దానికోసమే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. తెలుగు మాట్లాడేవాళ్లే కావాలని పట్టుబట్టి వెతికాను. మనసులో ఉన్నది ఇంకో భాషలోకి మార్చి చెప్పే శ్రమ ఆ సమయంలో తగదు. గంటకు 1,500, రెండు వారాలకొకసారి. అంత పెట్టలేకపోతే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ (ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ) వాళ్ల సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. రాత్రిపూట ఊపిరి ఆడనట్టు ఉంటే 14416కు చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

కౌన్సెలర్ మొదట చెప్పిన పని ఒక నోట్‌బుక్ పెట్టమని. డైరీ కాదు. ఒక్కో నిర్ణయానికి ఒక పేజీ, అందులో నాలుగు గడులు: నిర్ణయం ఏమిటి, ఈ రోజు నాకు తెలిసినవి ఏమిటి, నా భయం ఏం చెబుతోంది, మళ్లీ ఎప్పుడు చూడాలి. నియమాలు రెండే. పేజీ రాశాకే ఎవరినైనా సలహా అడగాలి. తిరిగి చూసే తేదీలోపు కొత్త సంగతి ఏదైనా తెలిస్తే తప్ప ఆ నిర్ణయాన్ని మళ్లీ తవ్వకూడదు. మొదటి నియమం ఎందుకంటే, ముందే అడిగితే అవతలివాళ్ల అభిప్రాయమే మన బుర్రలో స్థిరపడి, మనకేం అనిపించిందో మనకే గుర్తుండదు. రెండోది లేకపోతే ప్రతి రాత్రీ పదకొండు గంటలకు అంతా మళ్లీ మొదటికొస్తుంది.

డిసెంబరులో ఇల్లు గురించి రాసిన పేజీ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. నిర్ణయం: హొరమావులో సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు తీసుకుంటున్నాను, అద్దె 15,000, అడ్వాన్స్ 75,000. తెలిసినవి: అద్దె నా జీతంలో నాలుగో వంతు దాటదు, బస్‌స్టాప్ నడిచి వెళ్లేంత దూరం, ఓనరమ్మ కింద పోర్షన్‌లోనే ఉంటారు, కావేరి నీళ్లు రావు, బోరే, ఎండాకాలం ట్యాంకరు డబ్బు ఎవరు పెడతారో ముందే తేల్చుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటారు. భయం చెబుతున్నది: ఒక్కదాన్నే ఉండలేను, జ్వరమొస్తే చూసే దిక్కుండదు. తిరిగి చూసే తేదీ: మార్చి 1.

మార్చిలో తీసి చూశాను. తెలిసినవి అన్న గడిలో రాసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. ట్యాంకరు సంగతి ముందే అడిగి అగ్రిమెంటులో రాయించుకోవడం వల్ల ఎండాకాలం గొడవ రాలేదు. భయం గడిలో ఒకటి నిజమైంది, ఫిబ్రవరిలో జ్వరమొచ్చింది. మందుల షాపువాళ్లు మాత్రలు ఇంటికి పంపారు, ఓనరమ్మ చారు పంపింది, మూడో రోజుకు తగ్గింది. ఉండలేకపోవడం అనేది జరగలేదు. ఇలాంటి పేజీలు పదీ పదిహేను పోగయ్యాక తెలిసింది, నా చూపు బాగానే ఉందని. ఆ మాట ఎవరో చెబితే నమ్మేదాన్ని కాదు. నా చేతిరాతలో, తేదీతో సహా కనబడింది కాబట్టి నమ్మాను.

భయానికీ మనసుకు తట్టిన నిజానికీ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. నాకు పనికొచ్చిన గుర్తు ఇది. భయం అందరినీ కలిపి మాట్లాడుతుంది: అందరూ ఇంతే, నాకెప్పుడూ ఇలాగే, ఇక ఏమీ బాగుపడదు. నిజంగా గమనించింది అయితే ఒక వస్తువు, ఒక తేదీ, ఒక మాట చూపిస్తుంది: ఐదో తారీకు జీతం పడిందన్నారు, పాస్‌బుక్‌లో అది మూడో తారీకే పడి ఉంది. మొదటిది వస్తే కాసేపు నడిచి రావాలి. రెండోది వస్తే కాగితం మీద పెట్టి, వెళ్లి సరిచూసుకోవాలి. ప్రతి అనుమానాన్నీ అంతరాత్మ ప్రబోధం అనుకుంటే అదీ ప్రమాదమే. ఒకసారి దెబ్బతిన్న మనిషికి ఆఫీసులో ఎవరైనా ఆలస్యంగా జవాబిచ్చినా మోసంలాగే కనిపిస్తుంది.

సంక్రాంతి తర్వాత ఆయన దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది: "ఇంకోసారి ఆలోచిద్దామా?" ఈ ఆరు నెలల్లో ఇలాంటిది ఏదో ఒక రూపంలో వస్తుందనే అనుకోండి. ఫోన్ కావచ్చు, పెద్దమనుషులు కావచ్చు, పుట్టినరోజు కేక్ కావచ్చు. ఆ పూటే జవాబు ఇవ్వకూడదని ముందే రాసిపెట్టుకున్నాను కాబట్టి ఇవ్వలేదు. మెసేజ్ చూడగానే కడుపులో తిప్పింది. దాని వెంటే ఆశ కూడా పుట్టింది. ఆశ పుట్టడం తప్పేమీ కాదు, ఎనిమిదేళ్ల కాపురం. కౌన్సెలర్ ఒక్కటే అడిగారు: "కొత్తగా ఏం మారిందో మీకు తెలుసా?" తెలియదు. అందుకని ఆయన్నే అడిగాను. అప్పుల లిస్టు మొత్తం చూపిస్తావా, క్రెడిట్ రిపోర్టు ఇద్దరం కలిసి చూద్దామా, ఇద్దరం కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్దామా. మూడూ అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే. వారం తర్వాత జవాబు వచ్చింది: "అవన్నీ ఎందుకు, ముందు కలిసి ఉందాం, తర్వాత చూసుకుందాం." కొత్త సంగతి ఏదీ లేదని తేలింది. నిర్ణయం అలాగే ఉంచాను. ఆయన మూడింటికీ సరేనని ఉంటే నేను నిజంగానే మళ్లీ ఆలోచించాల్సి వచ్చేది, ఆలోచించేదాన్ని కూడా. అంగీకారం వెనక్కి తీసుకునే అవకాశం చట్టం ఇచ్చిందే అందుకు. వెనక్కి తీసుకున్నవాళ్లు బలహీనులని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఎటు వెళ్లినా కళ్లు తెరుచుకుని వెళ్లాలి, అంతే.

ఉగాదికి ఊరెళ్లడం ఇంకో పరీక్ష. "సర్దుకుపోవాల పాపా, ఎవరింట్లో లేవు అప్పులు" అని పెద్దమ్మ. "ఇంత తొందర దేనికి" అని చిన్నాయన. వాళ్లకు నా మీద ప్రేమే, సందేహం లేదు. కానీ ఒక్కొక్కరికీ మొదటి నుంచి కథ చెప్పుకుంటూ పోతే, ప్రతిసారీ నా నిర్ణయాన్ని నేనే వాళ్ల ముందు తీర్పుకు పెట్టినట్టు అవుతుంది. సాయంత్రానికి ఒంట్లో సత్తువ ఉండదు. బెంగళూరులో బస్సెక్కే ముందే ఒక వాక్యం తయారు చేసుకున్నాను: "జూన్‌లో కోర్టు తేదీ ఉంది పెద్దమ్మా, అప్పటిదాకా ఈ మాట వద్దు." పనిచేసింది. కారణం చెబితే మావాళ్లు దానికి ఎదురు కారణం చెబుతారు. తేదీ చెబితే ఊరుకుంటారు. అమ్మకు మాత్రం అంతా చెప్పాను, అదీ ఒక రాత్రి, తీరిగ్గా.

చిన్న చిన్న మాటలు మనకు మనమే ఇచ్చుకుని నిలబెట్టుకోవడం కూడా ఈ నెలల్లోనే నేర్చుకోవాలి. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది పెద్ద మాటలు ఇచ్చుకోవడం వల్ల. ఏడాది జిమ్‌కు కట్టడం, తెల్లారి ఐదుకు లేస్తానని ఒట్టు పెట్టుకోవడం. పది రోజుల్లో అది తప్పుతుంది, "నా మాట మీద నాకే గౌరవం లేదు" అన్న పాత బాధకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. నాకు ఇచ్చినవి ఇవి: రాత్రి పదిన్నరకు ఫోన్ వంటగదిలో చార్జింగ్ పెట్టడం, ఆయన స్టేటస్ చూడకపోవడం, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉండకపోవడం. ఆదివారం మధ్యాహ్నం గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. వారమంతా ఆఫీసు మోస్తుంది. ఆ మూడు నాలుగు గంటలే మనిషిని పట్టుకుంటాయి. శనివారమే ఒక పని పెట్టుకోవాలి, లైబ్రరీ అయినా, స్నేహితురాలి ఇంటికైనా, లాల్‌బాగ్‌లో నడకైనా. ఇంకొకటి, ఎవరు ఏమడిగినా "రేపు చెబుతాను" అనడం. అప్పు అడిగినా, వీకెండ్‌కు రమ్మన్నా, కొత్తగా పరిచయమైనవాళ్లు కాఫీకి పిలిచినా. వెంటనే సరేననడం నాకు పాత అలవాటు. ఒక రాత్రి గడిస్తే నాకేం కావాలో నాకు తెలుస్తోంది. అడిగినవాళ్లు ఆ ఒక్క రోజు ఆగలేక చిరాకు పడితే, వాళ్ల గురించి కూడా ఒక సంగతి తెలిసినట్టే.

ఆరు నెలలు మే నెలలో నిండాయి, అప్పుడే కోర్టుకు వేసవి సెలవులు. తేదీ జూన్ రెండో వారానికి వెళ్లింది. నవంబరు, డిసెంబరులో వేసేవాళ్లు ఈ సెలవులు లెక్కలో పెట్టుకోండి. లేకపోతే చివరి మూడు వారాలు చాలా పొడుగ్గా ఉంటాయి. ఆ రోజు ఆఫీసుకు పూర్తి సెలవే పెట్టాలి. పదకొండుకు ముందే వెళ్లాం, మా నంబరు పిలిచేసరికి భోజనాల వేళ దాటింది. ఒరిజినల్ ఆధార్, మీడియేషన్ ఒప్పందం కాపీ, లోన్ లెటర్, నీళ్ల బాటిల్, తినడానికి ఏదైనా తీసుకెళ్లండి. జడ్జిగారు ఇంగ్లీషులో, తర్వాత కన్నడంలో అడిగారు: మీ ఇష్టంతోనే వచ్చారా, ఎవరైనా ఒత్తిడి చేశారా, వస్తువులు అందాయా, భరణం విషయంలో ఇంకేమైనా ఉందా, మళ్లీ కలిసే అవకాశం ఉందా. తడబడితే తెలుగులో చెప్పొచ్చా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు నా నోట్‌బుక్‌లో ఎప్పుడో రాసుకున్నవే, అందుకే గొంతు వణకలేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడుపు మాత్రం నాలుగు రోజుల తర్వాత, కూరగాయల షాపులో వచ్చింది. అలా ఆలస్యంగా రావడం మామూలేనని కౌన్సెలర్ ముందే చెప్పి ఉండటం వల్ల కంగారు పడలేదు.

డిక్రీ కాపీ ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. అదనపు సర్టిఫైడ్ కాపీలకు కాపీయింగ్ చార్జీలు కట్టాలి. రెండు మూడు తీసి పెట్టుకోండి, తర్వాత మళ్లీ వెళ్లడం కష్టం. జాయింట్ ఖాతా మూయడానికి ఇద్దరి సంతకాలూ కావాలి, అది రెండో సంతకానికి ముందే, ఇద్దరూ మాట్లాడుకుంటున్నప్పుడే ముగించడం మంచిది. విడాకులైతే నామినీ పేరు దానంతటదే పోతుందనుకోవద్దు. బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో, పీఎఫ్‌లో ఒక్కోచోటా మనమే మార్చాలి. పీఎఫ్‌లో చెల్లి పేరు పెడదామనుకున్నాను. పీఎఫ్ నిబంధనల్లో మన మీద ఆధారపడిన తల్లిదండ్రులు కుటుంబం లెక్కలోకి వస్తారు, తోబుట్టువులు రారు. అమ్మ పేరు పెట్టాను. అమ్మ ఆధార్, ఫొటో దగ్గరుంటే పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే అయిపోతుంది. పాస్‌పోర్ట్‌లో భర్త పేరు తీయించడానికి రీ-ఇష్యూకు పెట్టుకోవాలి, 36 పేజీలదానికి ఫీజు 1,500, అపాయింట్‌మెంట్ రోజున డిక్రీ సర్టిఫైడ్ కాపీ పట్టుకెళ్లాలి.